వెళ్ళొస్తానన్న గాలి

ఒకప్పుడు భూమి చుట్టూ అయస్కాంతపు తీగలు లేవు. ఇల్లు ఉంది గానీ తలుపు లేదన్నమాట.

సూర్యుడి దగ్గర్నించి ఒక గాలి వచ్చేది. మన గాలి లాంటిది కాదు, మహా దుడుకుది. వస్తూ పిలవదు, పోతూ చెప్పదు. పోయేటప్పుడు మాత్రం మనం పీల్చే గాలిని గుప్పెడు పట్టుకుపోయేది.

నీటి ఒడ్డున తిరిగే ఉల్లంకిపిట్టకి ఎగరాలంటే ఆయాసం వచ్చింది.

"అమ్మా, నాకు ఊపిరాడటం లేదు. నీ గాలంతా ఎటు పోతోంది?" అని భూమిని అడిగింది. ఆ పిట్టకి అడగటం తప్ప వేరే పనే లేదు. అయినా ఈసారి మంచి ప్రశ్నే అడిగింది.

భూమికి గుండె ఝల్లుమంది. తన కడుపులో కుతకుత ఉడుకుతున్న ఇనుముని పిలిచింది.

"ఒరే ఇనుమూ, ఊరికే ఉడికే బదులు ఏదైనా చెయ్యరాదూ!"

ఇనుము గిరగిరా తిరిగింది. తిరుగుతూ తిరుగుతూ కంటికి కనపడని తీగలు తీసింది. వాటిని దక్షిణం కొసన మొదలుపెట్టి, ఆకాశంలోకి వంచి, ఉత్తరం కొసన దింపింది.

మర్నాడు సూర్యుడి గాలి ఎప్పట్లాగే దూసుకొచ్చింది. తీగలకు కొట్టుకుంది. జుమ్మ్! లోపలికి దారి లేదు.

"నాకే అడ్డమా? సరే, పోతున్నా!" అంది మూతి ముడుచుకుని.

భూమికి ప్రాణం ఉసూరుమంది. ఎంత అల్లరిదైనా, గుమ్మం దాకా వచ్చినది "పోతున్నా" అంటే ఏ తల్లి ఊరుకుంటుంది?

"తప్పమ్మా! పోతున్నా అనకూడదు. వెళ్ళొస్తా అనాలి" అంది.

"అలాగే. వెళ్ళొస్తా" అంది సూర్యుడి గాలి, బుద్ధిగా.

వెళ్ళింది. వచ్చింది!

"ఎందుకమ్మా దాన్ని రమ్మన్నావు?" అని పిట్ట లబలబలాడింది.

"నేను రమ్మనలేదే! మర్యాద నేర్పాను, అంతే!" భూమి తల పట్టుకుంది. "అందరం మాటవరసకి అంటాం. ఇది నిజంగా వచ్చేసింది!"

సూర్యుడి గాలి ఈసారి గట్టిగా తోసింది. తీగలు లోపలికి వంగాయి. అవి తెగితే ఇక పీల్చుకోడానికి ఏమీ మిగలదు. పిట్ట రెక్కలు ముడుచుకుని ఊపిరి బిగబట్టింది.

తీగలు వంగి వంగి, మళ్ళీ వెనక్కి లేచాయి. జుమ్మ్... జుమ్మ్... ఊగుతూనే ఉన్నాయి. తెగలేదు.

పిట్ట మెల్లగా ఊపిరి పీల్చింది. గాలి ఉంది. ఛాతీ నిండా ఉంది.

"అమ్మా, ఆ ఊగేదేమిటి?" అంది వెంటనే. భయం తీరగానే ప్రశ్న!

"చుట్టం తలుపు తడుతోందే. తట్టనీ. లోపలికి రాదులే" అంది భూమి.

అప్పటినుంచే సూర్యుడి గాలి తగిలినప్పుడల్లా భూమి చుట్టూ ఉన్న తీగలు ఊగుతాయి. ఆ మోత మన చెవికి అందదు. దిక్సూచిలో ముల్లుకి మాత్రం తెలుస్తుంది, సన్నగా వణుకుతుంది. ఎప్పుడైనా అది వణికితే భయపడకండి. వెళ్ళొస్తానన్నది వచ్చింది, అంతే.