గోడవైపు పరిచిన చాప

ఓబులేసుకి ఆ రోజు పొద్దున్నించీ కాలు ఒక్కచోట నిలవలేదు. మఠం పెరట్లో ఉన్న నిద్రగన్నేరు చెట్టుని తనే కూలుస్తానని నలుగురిలో అనేశాడు మరి.

ఆ చెట్టు మొదలుకి చెదలు పట్టి, గోడ మీదుగా పక్కింటి వైపు ఒరిగిపోయింది. పక్కిల్లు దస్తగిరిది. రేకుల కప్పు. ఆ కప్పు కింద పురిటికొచ్చిన కూతురు, ఉయ్యాల్లో పసిగుడ్డు. గాలివాన వస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. చెట్టు కొట్టేయాల్సిందే, ఆ విషయంలో ఎవరూ రెండో మాట అనలేదు.

మఠానికి గురువు సుంకులమ్మ. శిష్యులంతా అమ్మా అనే పిలుస్తారు. నంద్యాలలో మద్దిలేటి అని ఒకాయన ఉన్నాడు, చెట్లు కొట్టడమే ఆయన పని, తాళ్లూ మిషన్లూ మనుషులూ అన్నీ ఆయన దగ్గరే ఉంటాయి, పోయి పిలుచుకురా నాయనా అని ఆమె ఓబులేసుకి ఎప్పుడో చెప్పింది. వాడు పోలేదు. ఇన్నేళ్లుగా మఠం పొయ్యికి కట్టెలు కొట్టిన చెయ్యి ఇది, ఒక్క చెట్టుకి బయటివాళ్లెందుకు అని వాడి బాధ. బాధ కాదులెండి, పొగరు.

గొడ్డలికి పదును పెట్టుకున్నాడు. పై కొమ్మకి తాడు బిగించి, రెండో కొస తోటవైపు నిలబడ్డ శిష్యుల చేతికిచ్చాడు. ఈ సంగతి వీధంతా పాకింది. చేతిలో పని చేతిలోనే వదిలేసి జనం వచ్చేశారు, పిల్లలు మఠం అరుగెక్కారు. దస్తగిరి వచ్చి, మావాళ్లని కాసేపు బయట కూర్చోబెట్టమంటావా అన్నా అని అడిగాడు. ఎందుకయ్యా, బాలింతని కదిలించకు, గోడ అవతల ఆకు కూడా రాలదు పో అన్నాడు ఓబులేసు.

మొదటి దెబ్బ వేశాడు. బెరడు ఎగిరి పడింది. పిల్లలు ఈలలేశారు. ఓబులేసుకి ఒళ్లంతా పండగలా ఉంది.

అప్పుడొచ్చింది సుంకులమ్మ, చంకలో చాపతో. చెట్టుని కిందనుంచి పైదాకా చూసింది.

"ఎటు పడుతుంది నాయనా?"

"తోటవైపేనమ్మా. గోడవైపు ఒక్క పుల్ల కూడా పడదు."

"ఖాయమేనా?"

"ఖాయం."

ఆమె సరేనని తలూపింది. తిన్నగా గోడ దగ్గరికి వెళ్లి, ఒరిగిన కొమ్మల కిందే చాప పరిచింది. దాని మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని కళ్లు మూసుకుంది.

ఓబులేసు గొడ్డలి దించి అటు రెండడుగులు వేశాడు.

"అమ్మా, ఇటొచ్చి కూర్చోండి."

"ఎందుకు? ఇటు పడదన్నావుగా. కానీయ్."

గొడ్డలి ఎత్తాడు. అంతే, అది పైనే ఆగిపోయింది. చెట్టు తోటవైపే పడుతుందని వాడికి ఇంకా నమ్మకంగానే ఉంది. కానీ ఆ నెరిసిన తల చూశాడు, తల మీది కొమ్మలు చూశాడు. ఇందాక మోకులా కనిపించిన తాడు ఇప్పుడు దారంలా కనిపించింది. వీధంతా చూస్తోంది. ఎవరో కిసుక్కున నవ్వారు కూడా. సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది, అయినా చెయ్యి దిగలేదు.

గొడ్డలి నేల మీద పెట్టేసి, సైకిలెక్కి నంద్యాల దారి పట్టాడు.

మర్నాడు మద్దిలేటి మందీమార్బలంతో దిగాడు. అబ్బో, ఏం నోరు! రావడం రావడమే అందరి మీదా కేకలు. చెట్టు మీది గొడ్డలి గాటు చూసి ఇది పెట్టిన మొనగాడెవరని అడిగాడు. ఓబులేసు ఆకాశం వైపు చూశాడు. మద్దిలేటి చెట్టు మొదలు తట్టి చూసి, లోపలంతా డొల్ల, దీన్ని ఎక్కేది లేదని తేల్చి క్రేను తెప్పించాడు. లైన్‌మన్‌తో చెప్పి కరెంటు తీయించాడు. బాలింతనీ బిడ్డనీ వీధి చివరింటికి పంపించాడు. చుట్టూ తాడు కట్టి, ఇది దాటి ఎవరొచ్చినా పని ఆపేసి పోతానన్నాడు. ఆ మాట పూర్తికాకముందే సుంకులమ్మ తాడు అవతల, జనంలో నిలబడి ఉంది.

ఇక చూడాలి సంబరం. క్రేను తొట్టిలో హెల్మెట్టు పెట్టుకుని మద్దిలేటి పైకి లేచాడు. రంపం మిషను గర్రుమంది. ఒక్కో కొమ్మకీ ముందు తాడు కట్టడం, తరవాత కోయడం, కిందివాళ్లు దాన్ని మెల్లగా తోటలోకి దించడం. కొమ్మ దిగినప్పుడల్లా జనం హోరెత్తిపోయారు. అందరికన్నా గట్టిగా అరిచింది ఎవరనుకున్నారు, మన ఓబులేసే. ఆఖరికి మిగిలిన మోడు తోటవైపు ధబ్బున పడేసరికి కాళ్ల కింద నేల అదిరింది. దస్తగిరి గోడ మీద పెచ్చు కూడా ఊడలేదు.

మోడు దగ్గరికి వెళ్లి లోపలికి తొంగిచూశాడు ఓబులేసు. నీళ్ల కాగు పట్టేంత డొల్ల. నిన్నటి తన దెబ్బ ఇంకొక్కటి పడుంటే, ఆ ఉయ్యాల, ఆ చాప...

అయితే వాడూ మనిషేగా. సాయంత్రానికి ఇంకో ఆలోచన వచ్చింది. నిన్న తను గొడ్డలి ఎత్తితే అమ్మ కళ్లు మూసుకుని చెట్టు కిందే కూర్చుంది. ఇవాళ అంతటి పనిమంతుడు రంపం పడితే తాడు అవతలికి వెళ్లిపోయింది. అంటే ఏమిటి అర్థం? వాడికి మళ్లీ కాలు నిలవలేదు.

సుంకులమ్మ పెరట్లో రాలిన ఆకు ఊడుస్తోంది. ఓబులేసు చాటుగా దగ్గరికెళ్లి అడిగేశాడు.

"మద్దిలేటి కన్నా నా మీదే మీకు నమ్మకం ఎక్కువ కదమ్మా?"

"ఎక్కువే నాయనా," అంది ఆమె, చీపురు ఆపకుండా. "నీ చెయ్యి దిగదని తెలిసే కూర్చున్నాను."