సగం మూర కనకాంబరం

కడియం దగ్గర ఓ చిన్న ఆసుపత్రిలో గుండె వైద్యులు పేర్రాజుగారికి ఒక అలవాటుండేది. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్ళ ఈసీజీ కాగితం బాగానే ఉన్నా, "కాసేపు కూర్చోండి" అనేవారు. ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి కొత్తగా వచ్చిన డాక్టరు నవనీతకి ఇది చాదస్తంగా తోచింది. పుస్తకాలన్నీ నమిలి మింగిన పిల్ల మరి. ఒక మధ్యాహ్నం ఉండబట్టలేక అడిగేసింది.

"గుండె బాగుందని కాగితమే చెబుతుంటే, ఇంకా దేనికి సార్ కూర్చోబెట్టడం?"

అప్పుడే పూలు కట్టే వీరవేణి చంకన బుట్టతో లోపలికొచ్చింది.

"గ్యాసేనండి. పొద్దున్న పనసతొనలు తిన్నానండి. ఓ బిళ్ళ ఇచ్చేత్తే ఎల్లిపోతాను, పెళ్ళోరి దండలున్నాయండి."

ఈసీజీ తీశారు. గీతలన్నీ ఎక్కడివక్కడ కుదురుగా ఉన్నాయి. కాసేపటికి వచ్చిన రక్తపరీక్షలోనూ తేడా లేదు. నవనీత గ్యాసు బిళ్ళ రాయబోయింది.

"వేణమ్మా, ఆ దండేదో ఇక్కడే కట్టు. నేనూ చూస్తాను," అన్నారు పేర్రాజుగారు.

కిటికీ అవతల సన్నటి వాన. గదంతా మరువం వాసన. వీరవేణి వేళ్ళు కనకాంబరాలను రెండేసి పట్టి ముడి వేస్తున్నాయి, మళ్ళీ రెండు, మళ్ళీ ముడి. మధ్యాహ్నం కూడా ఆ దారంలోనే చిక్కుకుని కదలడం మానేసినట్టుంది. తానెక్కడుందో నవనీతకి కాసేపు గుర్తే లేదు. ఇంతలో ఆ వేళ్ళు నెమ్మదించాయి. ఒక ముడి జారింది. రెండు పూలు నేలమీద పడ్డాయి.

"దవడ లాగుతోందండి," అంది వీరవేణి, తనే ఏదో తప్పు చేసినట్టు నవ్వుతూ.

వెంటనే మళ్ళీ ఈసీజీ తీశారు. ఇందాకటి గీతలే ఈసారి పొంగే పాలలా పైకి లేచాయి. గుండెకు రక్తం తీసుకెళ్ళే నాళం మూసుకుపోతోంది. నవనీత ఇంటికి పంపేసి ఉంటే ఆ మనిషి ప్రాణం దారిలోనే పోయేది. మందులిచ్చి అంబులెన్సులో రాజమండ్రి పంపారు. సాయంత్రం ఫోనొచ్చింది. నాళం తెరిచారట, మనిషి దక్కిందట.

బల్లమీద సగం మూర దండ మిగిలిపోయింది. నవనీత దాన్ని చేతిలోకి తీసుకుంది.

"మొదటి కాగితం చూసినప్పుడే మీకెలా తెలిసింది సార్?"

"నాకేం తెలుసమ్మా," అన్నారాయన. "తెలియకే కదా కూర్చోమన్నాను."