మోకాలెత్తు వేదిక

పిల్లల ఆటస్థలంలో నాటకాలాడుకోవడానికి ఒక వేదిక కట్టించమని రాణిగారు దివానును ఆజ్ఞాపించారు.

"నా భుజాలెత్తున కట్టు. మెట్లు పెట్టకు, ఠీవి చెడుతుంది," అన్నాడు దివాను తాపీమేస్త్రీ చెంచయ్యతో.

నాలుగు రోజులకు చెంచయ్య ఆయన్ని ఆటస్థలానికి పిలిచి, ఆయన తలకంటే మూరెడు ఎత్తున పేర్చిన ఇటుకలు చూపించాడు. "తమరొకసారి ఎక్కి చూడండయ్యా."

దివాను రెండుసార్లు ప్రయత్నించి చెమట తుడుచుకున్నాడు. "ఇంత ఎత్తు నేనెలా ఎక్కను?"

"తమరు చెప్పిన ఎత్తు పిల్లలకి ఇలాగే ఉంటుందయ్యా. తమకు తెలియాలనే పేర్చాను. ఇటుకల మధ్య ఇంకా సున్నం వేయలేదు, తీసేయొచ్చు."

దివాను తన చుట్టూ మూగిన పిల్లల్ని చూశాడు. ఒక్కరి తలా ఆయన ఛాతీ దాటలేదు.

"ఈ పాప మోకాలెత్తున కట్టు," అన్నాడు, అందరిలోకీ చిన్నదాన్ని చూపించి.

మొదటి నాటకం రోజున, కుర్చీ వేసుకుంటే వెనకాల పిల్లలకు కనబడదని దివాను నేలమీదే కూర్చున్నాడు.