వెనక్కి ఎక్కిన చిన్న కారు

అనగనగా అంటే ఒక రాజుండాలి, ఆ రాజుకో గుర్రముండాలి. ఈ కథలో రాజు లేడు. లేకపోవడమే మేలు. గుర్రం బదులు ఒక చిన్న కారుంది.

జపాను వాళ్ళు చిన్న చిన్న కార్లు చేసిన కాలం అది. అలాంటి తెల్ల కారొకటి ఎలాగో మన్యంలోని గుమ్మగెడ్డ లోయకి చేరింది. దాన్ని తెచ్చిన ఆఫీసరు బదిలీ మీద పోతూ, "ఇది ఇక కొండెక్కదు, నువ్వే ఉంచుకో" అని, రోజూ దాన్ని కడిగే బొంజుబాబుకి ఇచ్చేశాడు. బొంజుబాబుని లోయలో తనవాళ్ళంతా బొంజన్న అంటారు. సెంటు భూమి లేనివాడు. అప్పటికి కారుకి ఒక తలుపు తాడుతో కట్టి ఉంది. రెండో తలుపు తన్నితేనే తెరుచుకుంటుంది. హారను మాత్రం బ్రహ్మాండంగా మోగుతుంది.

లోయలో పసుపు పండుతుంది. కొండ మీద సంత జరుగుతుంది. మధ్యలో నిటారుగా ఎర్రమట్టి ఎక్కుడు ఉంది. అన్నిటికీ అడ్డం అదే.

ఆడవాళ్ళు పసుపు గంపలు నెత్తిన పెట్టుకుని, చీకటితోనే బయల్దేరి, ఆ ఎక్కుడు మొదట్లోకి వచ్చేసరికే అలిసిపోయేవారు. సరిగ్గా అక్కడే షావుకారు నెత్తి మీదికి పరదా కట్టుకుని తక్కెడతో కూర్చునేవాడు.

"ఎక్కలేవు ముసలమ్మా. వాన కూడా వచ్చేలా ఉంది. ఇక్కడే ఇచ్చెయ్" అనేవాడు.

ఏడాది చాకిరీ ఆ బురదలోనే అతనన్న ధరకి పోయేది. దున్నేవాడిదే భూమి అన్నారు. బాగానే అన్నారు. నడిచేవాడిదే దారి అని మాత్రం ఎవరూ అనలేదు. అందుకే ఆ దారి షావుకారుదైపోయింది.

ఒక ఏడు వాన తెరిపివ్వలేదు. కొర్రా కాసులమ్మ ఇంటి కప్పు కుళ్ళి, పొయ్యిలో నీళ్ళు నిలిచాయి. పసుపు సంతలో అమ్మితే కప్పుకి రేకులు వస్తాయి. ఎక్కుడు కింద అమ్మితే రేకులు రావు, ఇంకో ఏడు తడవాలి. ఆవిడ గంప ఎత్తుకుని బొంజన్న గుమ్మంలోకి వచ్చింది.

"అల్లుడా, నీ కారు కొండెక్కుద్దా?"

"ఎక్కదని ఆఫీసరన్నాడత్తా. నేనైతే అడిగి చూడలేదు."

"ఎంతమంది పడతారు?"

"ఇంకొకరు పడతారు."

"ఎంతమందిరా అంటే ఇంకొకరంటావేటి?"

"ఎవరొచ్చినా ఇంకొకరేగా అత్తా!"

కాసులమ్మ ఎక్కింది. సోములమ్మ వచ్చింది. ఇంకొకరు పడతారు అన్నాడు. ఆమె చెల్లెలొచ్చింది. ఇంకొకరు పడతారు అన్నాడు. ఒకరి ఒడిలో ఒకరు, అందరి ఒళ్ళో గంపలు. పట్టనివాళ్ళు వెనకాలే నడిచారు. గేరు మార్చాలంటే బొంజన్న, "వదినా, కాస్త మోకాలు జరుపు" అని అడగాల్సి వచ్చేది.

ఎక్కుడు వచ్చింది. బురద. ముందు చక్రాలే లాగే బండి అది. బరువంతా వెనక్కి పడి, ముందు చక్రాలు తేలిపోయి గిరగిరా తిరిగాయి. కారు జారి కిందికి వచ్చింది. మళ్ళీ తోలాడు, మళ్ళీ జారింది. మూడోసారి తోలాడు. ఈసారి జారుతూ జారుతూ షావుకారు పరదా దగ్గరే ఆగింది.

షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు. "కారంట! కొండెక్కుద్దంట! దించండమ్మా గంపలు, దించండి."

సోములమ్మ దిగిపోదామని తలుపు తన్నబోయింది. కాసులమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆగవే. మా పెయ్య కొండెక్కనని మొరాయిస్తే ఏం చేస్తాం? మొహం కిందికి తిప్పి వెనక్కి నెడతాం. ఎక్కడికి పోతందో తెలీక ఎక్కేస్తాది. దీని మొహం తిప్పు అల్లుడా."

"కారు పెయ్యా అత్తా?"

"పెయ్య కంటే మొండిదా?"

బొంజన్న కారు మొహం తిప్పాడు. వెనక గేరు వేశాడు. బరువు కిందికి వాలి ముందు చక్రాలని నొక్కింది. చక్రాలు బురదని కరిచాయి. చిన్న కారు మూలుగుతూ, పొగ కక్కుతూ, వెనక్కి వెనక్కి కొండెక్కింది.

బొంజన్న తల బయటపెట్టి పైకి చూస్తూ తోలుతున్నాడు. మిగతావాళ్ళంతా ముందు అద్దంలోంచి కిందికి చూస్తున్నారు. అప్పుడు కనిపించింది కాసులమ్మకి. కారులో పట్టక నడిచొచ్చినవాళ్ళు, తక్కెడ ముందు గంపలు దించుతున్నారు.

"అల్లుడా, మనోళ్ళు దించేస్తన్నారు!"

బొంజన్న హారను మోగించాడు. కొండంతా మోగింది. "దించకండి! వస్తున్నా! ఇంకొకరు పడతారు!" అని అరిచాడు.

పైన సంతలో వీళ్ళని దించాడు, కిందికి పోయాడు. మళ్ళీ వెనక్కి ఎక్కాడు. మళ్ళీ అద్దంలో ఎవరో కనిపించారు, మళ్ళీ పోయాడు. మూడోసారికి ఎక్కుడు కింద గంప మోసేవాళ్ళెవరూ మిగల్లేదు. వానలో ఖాళీ తక్కెడ పట్టుకుని షావుకారొక్కడే ఉన్నాడు. గాలికి పరదా ఎగిరిపోయింది.

"బొంజన్నా," అన్నాడు షావుకారు, మొదటిసారి పేరుకి అన్న తగిలించి. "నాకేమన్నా చోటుందా?"

కథ చెప్పే నేనైతే అతన్ని తడవనిచ్చేవాణ్ని. బొంజన్న నేను కాడు.

"ఎక్కు. ఇంకొకరు పడతారు" అన్నాడు.

తక్కెడ ఒళ్ళో పెట్టుకుని, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, షావుకారు దారి పొడుగునా కిందికే చూస్తూ ఎక్కాడు. రోజూ తాను కూర్చునే చోటు పైనుంచి ఎలా ఉంటుందో అప్పుడే చూశాడు. సంతలో అందరి మధ్యా, అందరిచ్చే ధరకే పసుపు కొన్నాడు. మళ్ళీ ఎక్కుడు కింద పరదా కట్టలేదు.

కాసులమ్మ ఇంటికి రేకులొచ్చాయి. వాన పడితే చప్పుడుకి నిద్ర పట్టడం లేదని ఊరంతా చెప్పుకుని మురిసింది.

బొంజన్న ముసలివాడయ్యాడు, పోయాడు. అతన్ని కొండ మీదికి మోసేటప్పుడు ఎక్కుడు దగ్గర అందరూ ఆగారు. ఎవరూ చెప్పకుండానే పాడె తిప్పారు. మొహం లోయ వైపు ఉండేలా, వెనక్కి మోసుకుపోయారు. కింద ఎవరైనా మిగిలారేమో చూసుకోవాలి గదా!

ఇప్పుడు ఆ ఎక్కుడు తారు రోడ్డు. తెల్ల కారు పైన ఆగిపోయి ఉంది. దానిలో మేకపిల్లలు పడుకుంటాయి, ఎప్పుడు చూసినా ఇంకొకదానికి చోటుంటుంది. కొత్త బండి ఎవరు కొన్నా, అదెంత బలమైనదైనా, మొదటిసారి ఆ ఎక్కుడు వెనక్కే ఎక్కాలి. బయటివాళ్ళు చూసి నవ్వుతారు. నవ్వనీ. పైకి పోయేవాళ్ళు కిందివాళ్ళని చూస్తూ పోయే చోటు ఈ లోకంలో ఇంకెక్కడుందో వాళ్ళనే చూపించమనండి.

సగం దూరం ఎక్కాక తోలేవాడు హారను కొట్టి, తల బయటపెట్టి అరుస్తాడు:

"కింద ఎవరన్నా ఉన్నారా?"

బండి నిండా జనం, ఒకరి ఒడిలో ఒకరు. అయినా అందరూ ఒక్క గొంతుతో తామే జవాబు చెబుతారు:

"ఇంకొకరు పడతారు!"