నందయ్య రాజీనామా

కొండకింద అడవిలో గిడ్డంగి అంటే వీర్రాజు నక్కదే. జొన్నలు, తేనె, ఎండుగడ్డి, ఏదైనా అందులోకే చేరాలి, అందులోంచే బయటికి రావాలి. అక్కడ ఉద్యోగం దొరికిందంటే ఆ జంతువు బతుకు ఒడ్డున పడ్డట్టే. ఎద్దు నందయ్య పదేళ్లుగా అక్కడే ఉన్నాడు. మొదట బస్తాలు లాగాడు, తర్వాత లాగేవాళ్లకు మేస్త్రీ అయ్యాడు, ఇప్పుడు మేనేజరు. పెద్ద పాక, సాయంత్రం కాగానే తెలగపిండి, కుడితి. పని మాత్రం ఒక్కటే: వీర్రాజు మీటింగు పెడితే పక్కన నిలబడటం. నక్క మాట ఎవరూ నమ్మరు గానీ, పక్కన నందయ్య ఉంటే కాస్త నమ్ముతారు.

ఒకరోజు గూడబాతు శేషమ్మ సముద్రం దాటి వచ్చి గిడ్డంగి ముందు వాలింది. అవతల దీవిలో ఆమె, నాలుగు పీతలు కలిసి ఒక చిన్న సేవాసంఘం నడుపుతున్నారు.

"తుపానుకి మా దీవిలో ఉన్న ఒక్క మంచినీళ్ల బావీ ఇసకతో పూడిపోయింది బాబూ," అంది. "మేకపిల్లలు ఉప్పునీళ్లు తాగి జబ్బు పడుతున్నాయి. నేను ఈ ఒడ్డు నుంచి ముక్కుసంచిలో నీళ్లు మోస్తున్నాను. ఎన్నింటికని పోయను? పీతలు బావిలో దిగి ఇసక గంపకెత్తుతాయి. ఆ గంప పైకి లాగే బలమే మాలో ఎవరికీ లేదు."

"ఏమిస్తారు?" అన్నాడు వీర్రాజు.

"ఇవ్వడానికి మా దగ్గరేముంది నాయనా."

"సరే, ఆలోచిద్దాం," అని లోపలికి పోయాడు. వీర్రాజు ఆలోచిద్దాం అంటే కాదని అర్థం.

పక్కనే నిలబడి నందయ్య అంతా విన్నాడు. ఆ సాయంత్రం మేత ముట్టలేదు. భార్య కపిల దగ్గరికొచ్చి అడిగింది, "ఏం, ఒంట్లో బాగాలేదా?"

"బాగానే ఉంది. ఈ మెడతో ఎన్ని బస్తాలు లాగాను. మూడేళ్లుగా దీనికి పనే లేదు. అక్కడ గంప లాగేవాడు లేక పసివాళ్లు ఉప్పునీళ్లు తాగుతున్నారు."

"వెళ్దామంటావు."

"మేత సరిగా దొరకదేమో కపిలా. భయంగానే ఉంది."

కపిల కాసేపు నెమరేసింది. "ఇక్కడ తింటావు, పడుకుంటావు. నాతో ఇన్ని మాటలు మాట్లాడి ఎన్నాళ్లయిందో తెలుసా? పద, నేనూ వస్తా."

తెల్లారి నందయ్య వెళ్లి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పాడు.

"పాక పెద్దది చేయిస్తా. మెడకి వెండి గంట కట్టిస్తా," అన్నాడు వీర్రాజు.

"గంట మోయడం పని కాదు కదండీ."

"పక్షం తిరక్కుండా బక్కచిక్కి వెనక్కొస్తావు. అప్పుడు ఈ కుర్చీ ఉండదు."

"లేకపోతే బస్తాలు లాగుతానండి. అది నాకు వచ్చిన పనే."

నక్కకి గుబులు పట్టుకుంది. నందయ్యలాంటివాడే వదిలేసి పోయాడంటే రేపు తన మాట వినేదెవరు? బాగా ఆలోచించి ఒక ఎత్తు వేశాడు. ప్రయాణం రోజున అడవినంతా ఒడ్డుకి పిలిచి, బండరాయి ఎక్కి గొంతు సవరించుకున్నాడు.

"దీవి పిల్లల దాహం చూడలేక మన గిడ్డంగే నందయ్యను పంపుతోంది. అక్కడ అతను లాగే ప్రతి గంపా మనం లాగినట్టే."

జంతువులన్నీ మెచ్చుకున్నాయి. నందయ్యకి తల కొట్టేసినట్టయింది. అది నిజం కాదని చెప్పబోయాడు. శేషమ్మ రెక్కతో అతన్ని ఆపి ముందుకొచ్చింది.

"ఎంత మంచి మాట అన్నారు వీర్రాజుగారూ. ఈయన ఉద్యోగం మానేసి వస్తున్నాడేమో అనుకున్నాను. మీరే పంపుతున్నారన్నమాట."

"మేమే."

"అంటే ఇంకా మీ గిడ్డంగివాడే."

"ముమ్మాటికీ."

"అయితే ఈయన మేత మామూలుగా మీ దగ్గర్నుంచే వస్తుంది. పదిహేను రోజులకోసారి తాబేళ్లు తెప్ప లాక్కొస్తాయి. కపిలమ్మకి కూడా కలిపి వేయించండి, కుటుంబం కదా."

"అది... తర్వాత కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు నక్క.

"మాట్లాడటానికేముంది?" అంది గుంపులోంచి ముసలి గాడిద. "మనవాడని ఇప్పుడేగా అన్నారు. మనవాడికే మేత పెట్టకపోతే రేపు మా గతేంటి?"

అవునవునని ఎలుగుబంట్లు గొణిగాయి. అడవి మొత్తం నక్క మొహంలోకే చూస్తోంది.

"వేయిస్తా," అన్నాడు వీర్రాజు పళ్ల బిగువున.

తాబేళ్లు లాగిన తెప్ప మీద దీవి చేరిన రోజే నందయ్య గంప తాడు మెడకు తగిలించుకున్నాడు. పీతలు నింపడం, అతను లాగడం. మెడ మీద తోలు ఒరుసుకుపోయింది. ఆరో రోజు గంపలో తడి ఇసక వచ్చింది. తొమ్మిదో రోజు అడుగునుంచి పీతలు కేకేశాయి, కాళ్లకు చల్లగా తగులుతోందని. అప్పటిదాకా కపిల పాలతోనే గడిచిన మేకపిల్లలు మంచినీళ్ల తొట్టి చుట్టూ ఒకదాన్నొకటి తోసుకుంటూ మూతులు ముంచాయి. నందయ్య అలాగే చూస్తూ నిలబడ్డాడు. ఆ పూట కపిల చాలు బాబూ అనేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఇక్కడ గిడ్డంగి దగ్గర మాత్రం పదిహేను రోజులకోసారి తెప్ప వచ్చి ఆగుతుంది. అడవి అంతా చూడటానికి వస్తుంది కాబట్టి వీర్రాజు స్వయంగా గడ్డిమోపులు ఎత్తి, లేని నవ్వు తెచ్చుకుని సాగనంపుతాడు.

చేయని మేలుకి పేరు కొట్టేద్దామనుకుంటే, ఆ మేలు చేసి తీరాల్సి వస్తుంది.