రెండో పిడికెడు

అనగనగా కాలవ గట్టు మీద ఒక ఊరు ఉండేదే షారోనూ. ఆ ఊళ్ళో పన్నెండంటే పన్నెండే క్రైస్తవుల ఇళ్ళు. ఆ ఇళ్ళకి పెంకుల కప్పుతో ఒక చిన్న గుడి. ఊఁ కొడుతున్నావా? ఊఁ కొట్టకపోతే నాకు కథ సాగదు, ముందే చెప్తున్నా.

ఆ పన్నెండిళ్ళకీ ఒక అలవాటు. అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, గూట్లో ఉన్న చిన్న కుండలో వేసేవాళ్ళు. అది దేవుడి పిడికెడు. నేను రోజూ వేస్తాను చూడు, అలాగ.

ఏంటీ? నేను రెండు వేస్తానా? ఉండవే, కథ చెప్పనీ!

శనివారం సాయంత్రం ముగ్గురు ఆడపిల్లలు సంచి పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి, ఆ కుండలు ఒంపుకుని గుడికి తెచ్చేవాళ్ళు. పాస్టరమ్మగారు ఆ బియ్యం కొలిచి, దిక్కులేని ముసలివాళ్ళు నలుగురికి పంచేవారు. ఆ నలుగుర్లో సంతోషమ్మ అవ్వ ఒకతి. కళ్ళు సరిగా ఆనవు. “ముందు వాళ్ళకి కొలవండమ్మా, మిగిలింది నాకు చాల్లే” అనేది ఎప్పుడూ.

ఆ ముగ్గురు పిల్లలెవరంటే రాహేలు, దీన, బుల్లెమ్మ. పద్నాలుగేళ్ళు ఉంటాయేమో. రాహేలు గలగలా మాట్లాడేది, పాట ఎత్తుకుంటే గుడంతా మోగేది. దీన ఆ పిల్ల వెనకాలే తిరిగేది. బుల్లెమ్మకి ఆ ఇద్దరి మధ్యా నడవడమంటే ఎంత ఇష్టమో! ఆ చోటు పోతుందేమోనని ఒకటే భయం.

అప్పుడు ఈస్టరుకి ముందు వచ్చే నలభై రోజుల శ్రమల కాలం వచ్చింది. ఒక శనివారం జీళ్ళబండి ఎదురొచ్చింది. బియ్యం పోస్తే జీళ్ళిచ్చే కాలం అది.

“గిద్దెడు పోద్దామే” అంది రాహేలు.

“దేవుడి బియ్యం కదే!” అంది బుల్లెమ్మ.

“అబ్బో, చిన్న పాస్టరమ్మగారండీ! లేచి నిలబడండి, ప్రసంగం మొదలవుతుంది!” అని రాహేలు చేతులు కట్టుకుని నిలబడింది. దీన పకపకా నవ్వింది.

బుల్లెమ్మ మొహం కందిపోయింది. అప్పుడు తనూ నవ్వేసింది. సంచి మూతి తనే విప్పింది. జీడి తియ్యగానే ఉంది తల్లీ, అబద్ధం ఎందుకు చెప్పాలి? గొంతులో మాత్రం కాసేపు అడ్డం పడింది.

ఆ తర్వాతి శనివారం పుల్లైసు బండి. ఈసారి గిద్దెడు కాదు, సోలెడు. ఈసారి ఎవ్వరూ వెక్కిరించలేదు, బుల్లెమ్మ వద్దంటేగా! ఐసు చల్లగా దిగిపోయింది.

ఆ తర్వాత మూడో శనివారం వచ్చింది. తెల్లారితే మట్టల ఆదివారం, ఈతమట్టలు పట్టుకుని ఊరేగే పండగ. గాజులమ్మ వీధి చివర గంప దించుకుని కూచుంది. ఆకుపచ్చ గాజులు, వాటి మీద బంగారు చుక్కలు.

“తవ్వెడు పోస్తే ముగ్గురికీ వస్తాయట! రేపు ముగ్గురం ఒకే రకం వేసుకుని, మట్టలు పట్టుకుని ముందు వరసలో నడుద్దాం” అంది రాహేలు. “బుల్లీ, ఆ చివరి ఇంటి బియ్యం కూడా తెచ్చెయ్యి. మేమిక్కడ బేరం చేస్తూ ఉంటాం.”

చివరిల్లు ఎవరిదనుకున్నావ్? సంతోషమ్మ అవ్వదే. అవ్వ కూడా దేవుడికి పిడికెడు తీసేది మరి!

బుల్లెమ్మ సంచి భుజాన వేసుకుని లోపలికెళ్ళింది. పొయ్యి చల్లగా ఉంది.

“ఎవరూ, బుల్లెమ్మా? రా తల్లీ. ఈ వారం దేవుడి కుండలో ఏమీ వెయ్యలేకపోయాను. నా బియ్యం కుండలోంచి నువ్వే ఒక పిడికెడు తియ్యి. నా చెయ్యి వణుకుతోంది, నిండుగా రావట్లేదు” అంది అవ్వ.

బుల్లెమ్మ చెయ్యి పెట్టింది. చెయ్యి లోపలికి పోయింది, ఇంకా పోయింది, మోచెయ్యి దాకా పోయింది. గోళ్ళు కుండ అడుగున బరబరా గీసుకున్నాయి. చుట్టూ తడిమినా పిడికిలి నిండలేదు.

“అవ్వా, అయిపోయాయి” అంది బుల్లెమ్మ.

“ఈమధ్య వారం దాకా రావట్లేదమ్మా. ఊళ్ళో వాళ్ళకి ఎంత కష్టంగా ఉందో ఏమో, పాపం. అందుకని శనివారం పొయ్యి వెలిగించట్లేదు. ఆ పూట ఉపవాసముండి వాళ్ళ కోసం ప్రార్థన చేసుకుంటున్నా. ఉన్నవే తీసుకుపో తల్లీ.”

బుల్లెమ్మ ఆ నాలుగు గింజలూ కుండలోనే వదిలేసి బయటికొచ్చింది.

గాజులమ్మ దగ్గర దీన అప్పటికే చెయ్యి చాపి కూచుంది. “సంచి ఇటివ్వు” అంది రాహేలు.

“ఇవ్వను” అంది బుల్లెమ్మ.

“ఇదిగో, మళ్ళీ వచ్చారండీ చిన్న పాస్టరమ్మగారు!”

ఈసారి బుల్లెమ్మ నవ్వలేదు. “ఆ జీళ్ళూ ఐసూ అవ్వ అన్నమే రాహేలూ” అంది. చేతులు సంచిని వదల్లేదు.

రాహేలు మొహం ఎర్రబడింది. “అయితే రేపట్నించి మా పక్కన నడవకు” అంది. దీన నేల చూపులు చూసింది.

అప్పుడు బుల్లెమ్మ ఒక్కతే సంచి మోసుకుంటూ గుడికెళ్ళింది. ఏడుస్తూనే పాస్టరమ్మగారికి తన తప్పు చెప్పింది. మిగతా ఇద్దరి పేర్లు ఎత్తలేదు. ఆ తర్వాత అవ్వ వాటా తనే తీసుకుని మళ్ళీ ఆ గుడిసెకెళ్ళింది.

“అవ్వా, ఊళ్ళో ఎవరికీ కష్టం లేదు. నేనే తీశాను. జీళ్ళు తిన్నాను, ఐసు తిన్నాను.”

అవ్వ చెయ్యి చాపి ఆ పిల్ల చెంపలు తడిమింది. తడి తగిలింది.

“ఇప్పుడు అన్నం తిన్నావా మరి?” అంది.

బుల్లెమ్మ భోరుమంది. అవ్వ పొయ్యి వెలిగించింది. ఇద్దరూ కూచుని, ప్రభువుకి వందనాలు చెప్పుకుని, వేడన్నంలో ఉప్పేసుకుని తిన్నారు.

తెల్లారి అందరూ మట్టలు పట్టుకుని “హోసన్నా” అంటూ బయల్దేరారు. ఆనాడు యెరూషలేములో కూడా జనం అలాగే అరిచారే తల్లీ. ఆ వారంలోనే, పక్కవాళ్ళు అరిచారని, “సిలువ వెయ్యండి” అని కూడా అరిచారు. పాపం, ప్రభువు రెండు కేకలూ విన్నాడు.

ముందు వరసలో రాహేలు నడుస్తోంది. బుల్లెమ్మ చిట్టచివర, అవ్వ చెయ్యి పట్టుకుని నడుస్తోంది. కాలవ వంతెన దాటాక పక్కన ఇంకో మట్ట ఊగింది. చూస్తే దీన! అవ్వ రెండో చెయ్యి పట్టుకుంది, అంతే.

రాహేలా? ఆ పిల్లకి కోపం తగ్గేసరికి వరి కోతలొచ్చాయిలే. తగ్గింది మాత్రం తగ్గింది.

ఆ ఆదివారం నుంచీ బుల్లెమ్మ వాళ్ళమ్మని అడిగి, తన వాటా బియ్యంలోంచి ఇంకో పిడికెడు తీసి దేవుడి కుండలో వేసేది. అవ్వ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయాక కూడా మానలేదు. పెళ్ళయినా మానలేదు. మనవరాలు పుట్టినా మానలేదు.

ఏంటే అలా లేచి కూచున్నావ్? నా చెయ్యి ఎందుకు చూస్తున్నావ్? ఊఁ... అవునులే. పడుకో, బంగారు తల్లివి. పొద్దున రెండో పిడికెడు నువ్వు వేద్దువుగాని.

కథేమో కంచికి,
పిడికెడేమో కుండకి,
కుండేమో గుడికి,
కునుకేమో నా చిట్టి కంటికి!