అవతలి ఒడ్డు కోసం అడిగినవాడు

కొంగలేరు సముద్రంలో కలిసే చోట, ఉత్తరపు ఒడ్డు జనం లోక్‌సభకు ఎన్నుకున్న పారినాయుడు మంచి కష్టజీవే గానీ, ఏ మేలు జరిగినా అది తన పేరు మీదే జరగాలన్న పంతం అతనిలో బలంగా ఉండేది.

అతని పార్టీ చాలా చిన్నది. అందుకని సభలో అతనికి ఆఖరి వరుసలో, గోడ పక్కన చోటిచ్చారు. పెద్ద పార్టీల వాళ్ళు తీరుబడిగా మాట్లాడేవారు. పారినాయుడి వంతు వచ్చేసరికి రెండు మూడు నిమిషాలు మిగిలేవి. గొంతు సవరించుకుని అసలు సంగతికి వచ్చేలోగా సభాపతి గంట కొట్టేవారు. అయినా పారినాయుడు విసుగుపడేవాడు కాదు. తోటి సభ్యులు టీ తాగడానికి వెళ్ళినా తను మాత్రం కుర్చీ వదిలేవాడు కాదు. పిలుపు ఎప్పుడొస్తుందో అని కాచుకుని కూర్చునేవాడు.

ఎప్పుడు లేచినా అతను అడిగేది ఒక్కటే. కొంగలేటి మొగ దగ్గర చేపల రేవు కావాలి.

ఏరు సముద్రంలో కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. ఆ మొగ ఇసుకతో పూడిపోయింది. వేటకు వెళ్ళిన పడవలు దాని గుండానే ఇంటికి రావాలి. కెరటాలు లేచిన రోజున పడవ అడుగు ఇసుక మేటకు తగిలేది. అంతే, ఒక పక్కకు ఒరిగి బోల్తాపడేది. నడిసముద్రంలో గాలివానను తట్టుకున్నవాళ్ళు కూడా సొంత ఊరు కనబడుతుండగా మునిగిపోయేవారు. మొగను తవ్వి, రెండు వైపులా సముద్రంలోకి రాతికట్టలు వేసి, లోపల ఒక ఒడ్డున హార్బర్ కట్టడం తప్ప దీనికి మరో మందు లేదు.

ఏ ఒడ్డున కట్టాలన్న దగ్గరే చిక్కొచ్చింది.

దక్షిణపు ఒడ్డు మరో నియోజకవర్గం. అక్కడి సభ్యురాలు హైమావతి. ఆమెది వేరే పార్టీ. ఇంజనీర్లు వచ్చి రెండు ఒడ్లూ చూశారు. ఉత్తరపు ఒడ్డు ఏటేటా కోసుకుపోతోందనీ, దక్షిణపు ఒడ్డున నేల గట్టిగా ఉందనీ ఇద్దరికీ చెప్పారు. పారినాయుడు ఒప్పుకోలేదు.

"కోసుకుపోతే రాళ్ళు పోయండి. హార్బర్ మాత్రం మా ఒడ్డునే ఉండాలి. దానికోసం ఇన్నేళ్ళుగా గొంతు చించుకుంటున్నది నేను" అన్నాడు.

దాంతో సభలో ప్రతిసారీ ఒకే తంతు నడిచేది. పారినాయుడు లేచి ఉత్తరపు ఒడ్డు అనేవాడు. హైమావతి లేచి దక్షిణపు ఒడ్డు అనేది. మంత్రిగారు చిరునవ్వుతో లేచేవారు.

"గౌరవ సభ్యులిద్దరూ ముందు ఒక మాట మీదకు రావాలి. వస్తే తప్పకుండా పరిశీలిస్తాం" అని కూర్చునేవారు. సభ నవ్వేది. మొగలో ఇసుక మరికాస్త పేరుకునేది.

ఒకరోజు హైమావతి పార్లమెంటు క్యాంటీన్‌లో పారినాయుడి ఎదురుగా వచ్చి కూర్చుంది.

"పారినాయుడుగారూ, మనిద్దరం కొట్టుకుంటుంటే మంత్రిగారికి హాయిగా ఉంది. ఒకే మాట చెబుదామా?"

"దానికేం, చెబుదాం. ఉత్తరపు ఒడ్డని చెబుదాం" అన్నాడు పారినాయుడు.

ఆమె నవ్వలేదు. టీ సగంలో వదిలేసి లేచి వెళ్ళిపోయింది.

ఆ ఏడు శ్రావణమాసంలో పారినాయుడు తన ప్రాంతానికి వచ్చాడు. మొగ పక్కనే, ఉత్తరపు ఒడ్డున ఉన్న దిబ్బలపాలెంలో సభ పెట్టించాడు. తన ప్రసంగం ఇంకా మొదలుకాలేదు. ఇంతలో సముద్రం వైపు నుంచి కేకలు వినిపించాయి. జనమంతా అటు పరుగుతీశారు. పారినాయుడూ పరిగెత్తాడు.

మొగలో ఒక పడవ తిరగబడి ఉంది. నలుగురు మనుషులు దాన్ని పట్టుకుని వేలాడుతున్నారు. కెరటం వచ్చినప్పుడల్లా కనబడకుండా పోతున్నారు. మళ్ళీ పైకి తేలుతున్నారు. ఉత్తరపు ఒడ్డు నుంచి పడవ దించుదామంటే కెరటాలు దాన్ని వెనక్కి విసిరికొడుతున్నాయి. అందరూ నోళ్ళు తెరుచుకుని నిలబడిపోయారు.

అప్పుడు అవతలి ఒడ్డు నుంచి ఒక పడవ దూసుకొచ్చింది. దాన్ని నడుపుతున్నవాడు తాతారావనే దక్షిణపు ఒడ్డు జాలరి. అతను మేటను తప్పించుకుంటూ, తాడు విసురుతూ, ఒక్కొక్కరినీ లోపలికి లాగాడు. ఆఖరివాణ్ణి లాగేటప్పుడు తాతారావు పడవే మునగబోయింది. ఎలాగో నిలదొక్కుకుని నలుగురినీ ఉత్తరపు ఒడ్డుకే తెచ్చి దించాడు.

ఆ నలుగురిలో ఒకడు పోలమ్మ చిన్నకొడుకు. ఆమె పెద్దకొడుకు అంతకు ముందటేడు అదే మొగలో పోయాడు. పోలమ్మ ఇసుకలో కూలబడి చిన్నవాడి తల ఒళ్ళో పెట్టుకుంది. వాడు నీళ్ళు కక్కి, కళ్ళు తెరిచి "అమ్మా" అన్నాడు. అప్పుడు ఆమె గట్టిగా ఏడ్చింది.

పారినాయుడు ఆమె పక్కన కూర్చున్నాడు. అలవాటైన మాటే నోటికొచ్చింది.

"ఊరుకో పోలమ్మా. హార్బర్ తెస్తాను. మన ఒడ్డుకే తెస్తాను."

పోలమ్మ తలెత్తి చూసింది.

"మన ఒడ్డేటి, ఆల ఒడ్డేటి బాబూ? నా పెద్దోడు పోయినప్పుడు ఆ నీల్లు ఏ ఒడ్డోడివని అడిగినాయా? ఈడ్ని లాక్కొచ్చిన మారాజుని నానడిగినానా, నీది ఏ ఒడ్డని?"

పారినాయుడు తల తిప్పి చూశాడు. తడిసిన బట్టలతో తాతారావు కాస్త దూరంలో నిలబడి వణుకుతున్నాడు. ఉత్తరపు ఒడ్డు ఆడవాళ్ళు పరుగున వెళ్ళి తమ ఇళ్ళలోంచి పొడి బట్టలు తెచ్చి అతనికిచ్చారు. పారినాయుడికి ఒళ్ళంతా ముళ్ళు గుచ్చుకున్నట్టయింది. దక్షిణపు ఒడ్డు మంచిదని ఇంజనీర్లు చెప్పిన నాడే తను సరే అని ఉంటే ఈపాటికి రాతికట్టలు లేచి ఉండేవి. పోలమ్మకు ఇద్దరు కొడుకులూ ఉండేవారేమో. ఆ రోజు దిబ్బలపాలెం సభలో అతను ప్రసంగించలేదు.

మళ్ళీ పార్లమెంటు సమావేశాలు మొదలయ్యాయి. మత్స్యశాఖ మీద చర్చ వచ్చింది. మాట్లాడేవారిలో పారినాయుడి పేరుంది. తర్వాతి పేరు హైమావతిది. పారినాయుడు తన మనసులో మాట పార్టీ అధ్యక్షుడికి ఫోన్‌లో చెప్పాడు. ఆయన మండిపడ్డాడు.

"నీకేమైనా మతిపోయిందా? ఎన్నికలు ముంగిట్లో ఉన్నాయి. అవతలి ఒడ్డుకివ్వండి అని నీ నోటితో అంటే, మనవాళ్ళు నిన్ను ఊళ్ళోకి రానిస్తారా?"

"రానివ్వకపోతే పొలిమేరలో నిలబడి చెప్పుకుంటాను. ఇంక నా వల్ల మాత్రం ఎవరూ మునగకూడదు" అన్నాడు పారినాయుడు.

సభాపతి అతని పేరు పిలిచారు. పారినాయుడు లేచాడు. కొందరు సభ్యులు అప్పటికే కబుర్లలో పడ్డారు. ఏం చెబుతాడో వాళ్ళకు తెలుసు. మంత్రిగారి ముఖంలో పాత చిరునవ్వు సిద్ధంగా ఉంది.

"అధ్యక్షా" అన్నాడు పారినాయుడు తెలుగులో. "కొంగలేటి మొగ దగ్గర హార్బర్ ఉత్తరపు ఒడ్డున కట్టాలని ఈ సభలో ఎన్నోసార్లు అడిగాను. అది తప్పు. దక్షిణపు ఒడ్డే సరైనదని నాకు ముందే తెలుసు. పేరు నాకు రావాలని అలా అడిగాను. ఈ సభ నన్ను మన్నించాలి. హార్బర్ దక్షిణపు ఒడ్డునే కట్టండి. హైమావతిగారి మాటే ఈ రోజు నుంచి నా మాట."

కబుర్లు ఆగిపోయాయి. తెలుగు రానివాళ్ళు అనువాదం వినడానికి గబగబా ఇయర్‌ఫోన్లు తగిలించుకున్నారు. హైమావతి తను విన్నది నిజమో కాదో అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది.

పారినాయుడు మొగ గురించి చెప్పాడు. ఆ రోజు ఒడ్డున నిలబడి తను చూసింది చెప్పాడు. తాతారావు పేరు చెప్పాడు. పోలమ్మ అడిగిన ప్రశ్న చెప్పబోతుండగా గంట మోగింది.

"మీ సమయం అయిపోయింది. కూర్చోండి" అన్నారు సభాపతి.

హైమావతి చటుక్కున లేచింది.

"అధ్యక్షా, తర్వాత మాట్లాడాల్సింది నేను. నా సమయం కూడా ఆయనకే ఇవ్వండి. ఆయన చెబుతున్నదే నేనూ చెప్పాలి."

వేర్వేరు పార్టీల వాళ్ళు ఇలా చేయడం ఆ సభ ఎరగదు. సభాపతి ఒక్క క్షణం ఆలోచించి తలూపారు.

పారినాయుడి గొంతు ఈసారి ఖంగుమంది.

"నా కొడుకు పోయినప్పుడు ఆ నీళ్ళు ఏ ఒడ్డువాడివని అడిగాయా అని ఒక తల్లి నన్నడిగింది. ఆ తల్లి ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు అధ్యక్షా. మీ దగ్గరుందా? ఇన్నాళ్ళూ మంత్రిగారికి ఒక సాకు ఉండేది. మేమిద్దరం ఒక మాట మీద లేమని అనేవారు. ఆ సాకు ఇచ్చింది మేమే. ఇదిగో, ఈ రోజు తిరిగి తీసేసుకుంటున్నాం! హార్బర్ దక్షిణాన కట్టండి. ఉత్తరపు ఒడ్డు పడవలకు కూడా అందులో సమానంగా చోటివ్వండి. మేం కోరేది ఇంతే."

"ఇస్తాం! మా పడవలెంతో మీ పడవలూ అంతే!" అని హైమావతి కూర్చున్న చోటు నుంచే కేకేసింది.

ముందుగా ఒక మూల నుంచి బల్ల చరిచిన చప్పుడైంది. అది కేరళ నుంచి వచ్చిన ఒక సభ్యుడు. తర్వాత ఒడిశా వాళ్ళు చరిచారు. ఆ తర్వాత ఎవరు ఏ పార్టీయో తెలియలేదు. సభంతా బల్లలతో మోతెక్కిపోయింది. ఆఖరి వరుసలో ఉన్న మనిషిని చూడడానికి ముందు వరుసలోని పెద్దలు మెడలు తిప్పారు.

మంత్రిగారు లేచారు. ఆయన ముందు రాసి పెట్టుకున్న జవాబు ఉంది. దాన్ని పక్కకు నెట్టేశారు.

"సభ్యులిద్దరూ ఒక మాట మీదకు వచ్చారు. ఇంక రావాల్సింది మేమే. ఈ ఏడే పని మొదలుపెడతాం" అన్నారు.

మళ్ళీ బల్లలు మోగాయి. పారినాయుడు కూర్చుని కళ్ళు తుడుచుకున్నాడు.

అయితే దిబ్బలపాలెంలో అందరూ సంతోషించలేదు. కొందరు అతని కారుకు అడ్డం పడ్డారు.

"మన రేవుని ఆలకి దానం చేసేసినావా?" అని నిలదీశారు.

పారినాయుడు కారు దిగి నేలమీద నిలబడ్డాడు.

"ఒడ్డు వాళ్ళదే. కానీ మొగ మనందరిదీ. మీ పడవలు క్షేమంగా తిరిగిరాకపోతే అప్పుడు నన్ను తిట్టండి, పడతాను" అన్నాడు.

పోలమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చి అతని పక్కన నిలబడింది. ఆమెను చూశాక జనం వెనక్కి తగ్గారు. ఒక్కొక్కరుగా దారి ఇచ్చారు.

ఆ ఎన్నికల్లో పారినాయుడు ఓడిపోతాడని పందాలు కాశారు. పందెం కాసినవాళ్ళే ఓడిపోయారు. అతను అంతకు ముందుకన్నా ఎక్కువ ఓట్లతో గెలిచాడు. సభలో అతని చోటు మాత్రం మారలేదు. కాకపోతే అతను లేస్తే ఇప్పుడు సభ నిశ్శబ్దమయ్యేది.

రాతికట్టలు పూర్తయ్యాక మొదటి పెద్ద గాలివాన వచ్చింది. పడవలన్నీ సముద్రంలోనే ఉన్నాయి. రెండు ఒడ్లా జనం గుండెలు చిక్కబట్టుకుని నిలబడ్డారు. వానలో ముందు ఒక పడవ కనబడింది. దాన్ని నడుపుతున్నవాడు పోలమ్మ కొడుకు. వెనకే తాతారావు పడవ. దాని వెనక ఇంకోటి, ఇంకోటి. కట్టలకు అవతల కెరటాలు కొండల్లా లేస్తున్నాయి. కట్టల మధ్య నీళ్ళు మాత్రం చెరువులా ఉన్నాయి. పడవలన్నీ వరసగా, పెళ్ళివారి బళ్ళలా, హార్బర్‌లోకి వచ్చేశాయి. ఉత్తరాన కేకలు, దక్షిణాన కేకలు. ఆడవాళ్ళు నీళ్ళల్లోకి దిగి తమ మగవాళ్ళకు ఎదురెళ్ళారు. పారినాయుడు, హైమావతి వానలో తడుస్తూ చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టారు.

పేరు కోసం పంతం పడితే మంచి పని కూడా ఆగిపోతుంది. నలుగురి మేలు కోసం ఆ పంతాన్ని వదులుకున్నవాడి మాటను, అతను ఆఖరి వరుసలో ఉన్నా సరే, లోకం చెవి ఒగ్గి వింటుంది.